సీమ మైదానాలు – 9: మార్కులు అడగని జెర్సీ

1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దానితోపాటే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్తమండలాల సభ కూడా కూడింది. ఈ గడ్డకు రాయలసీమ అన్న పేరు పెట్టాలని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది అక్కడే. నంద్యాలలో చదువుకున్న ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు, చెప్పుకుని మురుస్తాం కూడా. ఆ రోజుల్లోనే ఇంకో తగాదా నలుగుతుండేది. దాన్ని అంతగా తలుచుకోం. అది విశ్వవిద్యాలయం తగాదా.

1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో మొదలైంది. దాని కేంద్రం బెజవాడలోనే ఉండాలా, రాజమండ్రికి పోవాలా, విశాఖకా, అనంతపురానికా అని పంతాలు నడిచి చివరికి వాల్తేరు దగ్గర తేలింది. మనవాళ్లకు అది మింగుడుపడలేదు. దత్తమండలాల కాలేజీలు చివరికి మద్రాసు విశ్వవిద్యాలయం కిందే తేలాయి. 1937 శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతోపాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలని రాసుకున్నారు. రాసుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఎంత దూరమో సీమవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫుట్‌బాల్ కథలో ఈ గొడవంతా ఎందుకంటారా? కాలేజీ ఆటగాడు కాలేజీ జెర్సీ వేసుకుంటాడు. అందులో మెరిస్తే విశ్వవిద్యాలయం జెర్సీ వస్తుంది. దేశంలోని మిగతా విశ్వవిద్యాలయాల కుర్రాళ్లతో తలపడేది ఆ రెండో జెర్సీతోనే. అంతర్ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్‌కు సర్ అశుతోష్ ముఖర్జీ పేరుతో ట్రోఫీ 1941 నుంచి ఉంది. నంద్యాల కుర్రాడు ఆ ట్రోఫీ దాకా పోవాలంటే ఏ జెర్సీ వేసుకోవాలి? 1941లో అయితే మద్రాసుది. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టాక తిరుపతిది. ఆ తర్వాత అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయది. 2008 నుంచి కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయానిది. ఇంజనీరింగ్ చదివేవాడైతే జె.ఎన్.టి.యు. అనంతపురానిది. ఊరు కదలలేదు, జెర్సీ మాత్రం నాలుగు ఊళ్లు తిరిగింది. సెలక్షన్ల కోసం కుర్రాడు కూడా ఆ ఊళ్లన్నీ తిరిగాడు. తిరుపతి కాలంలో నంద్యాల నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డ, మైదుకూరు, కడప మీదుగా పోవాలి. పోయి రావడానికే రెండు రోజులు. ఆ రెండు రోజులూ క్లాసులు పోయినట్టే.

పోయిన భాగంలో మిషన్ బళ్లు, డ్రిల్లు మాస్టర్ల దాకా వచ్చాం. నంద్యాలలో ఎస్.పి.జి. మిషన్ బడి, మద్రాసులో హ్యారీ క్రో బక్ 1920లో పెట్టిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల, అక్కడ తయారై జిల్లాలకు చేరిన డ్రిల్లు ఐవార్లు. ఆ దారిలో వచ్చిన ఆట బడి దాకానే ఉండేది. ఎస్.ఎస్.ఎల్.సి. దాటి పైచదువు కావాలంటే 1916లో పెట్టిన అనంతపురం దత్తమండలాల కాలేజీకో, ఇంట్లో స్తోమత ఉంటే మద్రాసుకో పోవాలి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ ఉస్మానియా కాలేజీ పెట్టింది 1947లో. అంత దూరం పంపి చదివించే తండ్రి కొడుకును బంతి తన్నమని పంపడు కదా. మన ప్రాంతంలో కాలేజీ ఫుట్‌బాల్ బలంగా వేళ్లూనకపోవడానికి కారణం అడిగితే ఎండలనీ, గట్టి నేలనీ, క్రికెట్టనీ చెప్పేవాళ్లున్నారు. నేను మాత్రం ముందు ఈ దూరాన్నే చెబుతాను.

తుంగభద్రకు అవతల సంగతి వేరు. కథ కాసేపు హైదరాబాద్‌కు మళ్లక తప్పదు. తెలుగునాట ఫుట్‌బాల్‌కూ చదువుకూ ఉన్న బంధాన్ని అక్కడ ఒక్క మనిషిలో చూడొచ్చు.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివారు. విశ్వవిద్యాలయం కుర్రాళ్లు, పాత విద్యార్థులు కలిసి కట్టిన జట్టులో ఆడారు. తర్వాత బడిపంతులయ్యారు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూలు ఆయన పాఠాలు చెప్పిన బళ్లలో కొన్ని. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి ఆటల బాధ్యత కూడా తీసుకున్నారు. 1940ల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి, ఆ తర్వాత సిటీ పోలీస్ జట్టుకు కోచ్, 1950 నుంచి దేశపు జట్టుకు కోచ్. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. దేశపు జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4–2తో కొట్టి సెమీ ఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తాలో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి మళ్లీ స్వర్ణం గెలిచింది. అప్పటికే కేన్సర్ ముదిరి ఉన్న రహీం 1963 జూన్‌లో పోయారు. ఈమధ్య హిందీలో సినిమా వచ్చాక ఈ కథ అందరికీ తెలిసింది కాబట్టి ఇంకా సాగదీయను.

సినిమాలో అంతగా కనబడనిది ఆయనలోని బడిపంతులు. ఆయన శిక్షణ చూడండి. ఎడమకాలు రానివాడికి ఎడమకాలు రావాలి, ఊరికే చెబితే రాదు. అందుకని బలహీనమైన కాలితోనే ఆడాలన్న షరతుతో పిల్లలకు పోటీలే పెట్టారు. బంతిని తన దగ్గరే అట్టిపెట్టుకుని నలుగురిని తప్పించి మెప్పు పొందాలనుకునే కుర్రాళ్ల కోసం డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలు పెట్టారు. తప్పు చేసిన పిల్లాణ్ణి తిట్టకుండా, ఆ తప్పు చేయడానికి వీలులేని లెక్క ఇచ్చి కూర్చోబెట్టే మాస్టారి పద్ధతి అది. లావుపాటి శిక్షణ గ్రంథాలకన్నా ఈ చిన్న పోటీల్లోనే ఎక్కువ బుర్ర ఉందని నా అభిప్రాయం.

అయితే ఆ మాస్టారి శిష్యుల్లో ఎంతమంది కాలేజీ గడప తొక్కారు? ఇక్కడే అసలు విషయం ఉంది.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. కొడుకు బాగా చదువుకుని సర్కారు నౌకరీ చేయాలని తల్లి ఆశ. రహీం కంట్లో పడ్డాక, హైదరాబాద్ దాకా వచ్చి ప్రాక్టీసు చేయడానికి కుర్రాడి దగ్గర డబ్బు లేకపోతే సైకిలు అద్దె ఆయనే ఇచ్చారని బలరాం పెద్దయ్యాక చెప్పుకున్నారు. ఇరవై ఏళ్లకు ఒలింపిక్స్, ఆ వెంటనే కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా పెరూ మీదా గోల్స్, 1962లో అర్జున అవార్డు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవయ్యేడేళ్లు నిండకముందే ఆట ఆగిపోయింది. చివరికి అన్నం పెట్టింది రైల్వే కొలువు. పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాద్‌లో పుట్టినవారే. ఆయన పద్దెనిమిదేళ్లు నిండకముందే ఫౌజులో చేరారు. ఆసియాలో మేటి గోల్‌కీపర్ అనిపించుకున్నది ఫౌజు జెర్సీ వేసుకున్నాకే. సిటీ పోలీస్ జట్టు కుర్రాళ్లకు పోలీసు కొలువు. రహీం కొడుకు సయ్యద్ షాహిద్ హకీం వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్ దాకా ఎదిగారు.

పోలీసు, ఫౌజు, రైల్వే. వీటిలో ఏదీ కుర్రాడి మార్కుల లిస్టు చూసి పిలవలేదు. కాలు చూసి పిలిచింది. పదిహేడేళ్లవాడు పరుగెత్తే తీరు చూసి కొలువిచ్చింది. కొలువు వచ్చాక కాలేజీ ఎందుకు? ఇంటికి జీతం రావాలి, తమ్ముళ్లు చదవాలి. అందువల్ల ఆ బంగారు రోజుల్లో మన ఆటగాడు చదువులో వెనకబడ్డాడా, ముందున్నాడా అన్న ప్రశ్నే పుట్టలేదు. ఆట ఒక దారిన పోయింది, కాలేజీ ఇంకో దారిన పోయింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ నిచ్చెనలో విశ్వవిద్యాలయం ఒక మెట్టు మాత్రమే, దాన్ని దాటేసి పైకి పోయినవాళ్లే ఎక్కువ.

రెంటినీ చివరిదాకా మోసినవారు లేకపోలేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో భారత జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవ్ నాగా కొండల్లో పుట్టి కలకత్తాలో వైద్యం చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడారు. ఫ్రాన్స్ మీద 2–1తో ఓడిన ఆ మ్యాచ్ ఆడేనాటికి ఆయన ఇంకా విద్యార్థే. 1950లో ఎం.బి.బి.ఎస్. చేతికి రాగానే ఆట పక్కనబెట్టి సొంతగడ్డకు పోయి డాక్టరుగా పనిచేశారు, నాగాలాండ్ ఆరోగ్యశాఖ డైరెక్టరయ్యారు. ఆయన కథ చెప్పి పిల్లలకు హితబోధ చేయడం మనకు అలవాటు. కానీ ఆయన ఆడింది ఆటగాడికి పెద్ద జీతాలు లేని రోజుల్లో. చదువు మానేసి ఆటనే నమ్ముకోమని ఊరించేంత డబ్బు అప్పుడు ఆటలో లేదన్నది మరిచిపోకూడదు.

మార్కులకూ బంతికీ నిజంగా కుస్తీ జరిగింది అమెరికాలో. అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. కోడిగుడ్డు ఆకారం బంతి, తలకు శిరస్త్రాణం, వేల మంది పట్టే స్టేడియాలు, టికెట్ల డబ్బంతా విశ్వవిద్యాలయం ఖాతాకు. వృత్తి జట్టులోకి దారి కాలేజీ మీదుగానే. కాబట్టి కాలేజీలకు ఆటగాడు కావాలి, వాడికి చదువు వచ్చినా రాకపోయినా.

జార్జియా విశ్వవిద్యాలయంలో జాన్ కెంప్ అనే ఆవిడ, వెనకబడిన విద్యార్థులకు ఇంగ్లిషు చెప్పే అధ్యాపకురాలు. 1981లో తొమ్మిది మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లు ఆ తరగతి తప్పినా పైకి పంపేశారు. ముందు పెద్ద మ్యాచ్ ఉంది మరి. ఆవిడ ఊరుకోలేదు. ఊరుకోనందుకు ఉద్యోగం పోయింది. కోర్టుకెక్కారు. 1986లో జ్యూరీ ఆవిడ పక్షాన తీర్పు చెప్పి 25 లక్షల డాలర్లకు పైగా పరిహారం ప్రకటించింది, తర్వాత అది పది లక్షల చిల్లరకు తగ్గింది. ఆ విచారణలో విశ్వవిద్యాలయం తరఫు లాయరు చేసిన వాదన తెలుగువాడిగా నన్ను ఆలోచనలో పడేసింది. ఆటగాణ్ణి పండితుణ్ణి చేయలేకపోవచ్చు, చదవడం రాయడం నేర్పితే చెత్త ఎత్తే పని కాకుండా పోస్టాఫీసులో పని దొరుకుతుంది కదా అన్నాడాయన. అమెరికా అంతా ఆ మాటకు ముక్కున వేలేసుకుంది. మన దగ్గర ఆ పోస్టాఫీసు పని, రైల్వే పని కాలేజీతో నిమిత్తం లేకుండా నేరుగా మైదానం నుంచే వచ్చేది!

అదే 1986లో అక్కడి కాలేజీ క్రీడల సంఘం నిబంధన ఒకటి అమలులోకి వచ్చింది. స్కూల్లో పదకొండు ముఖ్యమైన సబ్జెక్టుల్లో 4 పాయింట్లకు కనీసం 2.0 సగటు, శాట్ పరీక్షలో 700 మార్కులు తెచ్చుకుంటేనే మొదటి ఏడాది మైదానంలో దిగనిస్తారు. నల్లజాతి విద్యాసంస్థలు దీన్ని గట్టిగా వ్యతిరేకించాయి. పేద వాడల్లో సరైన బడే లేని పిల్లవాణ్ణి ఒక్క పరీక్షతో కొలిచి గెంటేస్తారా అని అడిగాయి. ఈ నిబంధనను ఇంకా బిగించబోతే 1989లో జార్జ్‌టౌన్ బాస్కెట్‌బాల్ కోచ్ జాన్ థాంప్సన్ మ్యాచ్ మొదలవుతుండగా కోర్టు వదిలి బయటికి నడిచారు. ఇంటర్‌లో ఇంగ్లిషు మీడియం గట్టెక్కలేక అవస్థపడే ఆళ్లగడ్డ పల్లె పిల్లవాడి తరఫున మాట్లాడినట్టే ఉంటుంది ఆయన వాదన. రెండు వైపులా న్యాయం ఉంది. కెంప్ చెప్పింది నిజమే, థాంప్సన్ చెప్పిందీ నిజమే. తర్వాత 2000ల్లో ఒక్కో ఆటగాడితోపాటు జట్టు మొత్తానికీ చదువు లెక్క కట్టడం మొదలుపెట్టారు. వెయ్యికి 930 రాకపోతే శిక్ష ఆ జట్టుకు, అంటే కోచ్‌కూ, కాలేజీకీ. నాకు ఇది మెరుగ్గా తోస్తుంది. పిల్లవాడి చదువు చెడితే దాని వల్ల లాభపడినవాళ్లకు కూడా దెబ్బ తగలాలి.

మన దగ్గర నిబంధనలు లేవని కాదు. విశ్వవిద్యాలయాల పోటీలను నడిపేది భారత విశ్వవిద్యాలయాల సంఘం, 1925లో అంతర్ విశ్వవిద్యాలయ బోర్డుగా మొదలైంది. జెర్సీ వేసుకునేవాడు పూర్తికాలం చదివే నిజమైన విద్యార్థి అయి ఉండాలి. చదివే కోర్సు కనీసం ఒక విద్యాసంవత్సరానిది కావాలి. వయసుకు హద్దు ఉంది, ఇంటర్ పాసై ఎన్నేళ్లయిందన్నదానికీ హద్దు ఉంది. పూర్తికాలం ఉద్యోగం చేసేవాడు పనికిరాడు. చూడండి, ఇవన్నీ దొంగ విద్యార్థిని పట్టుకోవడానికి రాసినవి. పేరు రాయించుకుని, ఎక్కడో కొలువు చేస్తూ, టోర్నమెంటు నాడు జెర్సీతో దిగేవాణ్ణి ఆపడానికి. పాఠం ఎంత వచ్చిందని అడగడానికి రాసినవి కావు. మన కాలేజీ ఆటలో డబ్బు లేదు కాబట్టి అమెరికా రోగమూ లేదు, ఆ మందూ లేదు.

మన రోగం హాజరు పట్టీలో ఉంది. ఇంజనీరింగ్‌లో 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. కారణం చూపించి కండోనేషన్ ఫీజు కడితే 65 దాకా క్షమిస్తారు. అదీ లేకపోతే డిటెయిన్. సెలక్షన్ క్యాంపు, అంతర్ కళాశాల పోటీలు, ఆపైన జోనల్ పోటీలు అన్నీ కలిసి సెమిస్టర్‌లో వారాలు తినేస్తాయి. ఆటకు పోయిన రోజుల్ని హాజరుగా వేయించుకోవడానికి పి.డి. (ఆటల మాస్టారు) సంతకం, ప్రిన్సిపాల్ సంతకం, క్లాసు లెక్చరర్ ఒప్పుదల కావాలి. పి.డి. గట్టివాడైతే పని అవుతుంది. లేకపోతే కుర్రాడు ల్యాబ్ రికార్డు పట్టుకుని గది గదికీ తిరుగుతాడు. ఆటగాడు చదువులో వెనకబడతాడన్న పేరు ఇక్కడే పుట్టిందని నాకనిపిస్తుంది. వాడికి తెలివి తక్కువని కాదు, వాడు లేని రోజున చెప్పిన పాఠం మళ్లీ చెప్పేవాళ్లు లేరు. అమెరికా విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు ట్యూటర్లను పెట్టి, దాన్ని కూడా కొన్నిచోట్ల పాడుచేసుకున్నాయి. మనం ఆ పాడుచేసుకునే దాకా కూడా రాలేదు.

కోటా సంగతి కూడా చెప్పుకోవాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ద్వారా వచ్చే వృత్తివిద్యా సీట్లలో క్రీడాకారులకు 0.5 శాతం. ఆ అర శాతంలో ఫుట్‌బాల్ ఒక్కటే కాదు, చదరంగం నుంచి ఈత దాకా అందరూ పోటీ. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, ఆ తర్వాత మళ్లీ రాలేదు. జట్టు ఆటలో రాష్ట్రం గెలవకపోతే ఆటగాడి చేతికి పెద్ద సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ చిన్నదైతే కోటా వరసలో పేరు కిందికి పోతుంది. ఒంటరిగా ఆడే ఆటలో ఒక పిల్లవాడు తన కష్టంతో జాతీయ పతకం తేగలడు. ఫుట్‌బాల్‌లో తోటి పదిమంది కూడా బాగా ఆడాలి. ఈ లెక్క తెలిసిన తల్లిదండ్రులు పిల్లల్ని ఏ ఆటకు పంపుతారో ఊహించడం కష్టం కాదు.

సీమలో ఈ దారిని తిరగేసి చూపించినది అనంతపురం. 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చి నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు క్రీడా గ్రామంలో ఫుట్‌బాల్ అకాడమీ నడుస్తోంది. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు, అందులో ఆడపిల్లలు కూడా, అక్కడే ఉండి చదువుకుంటూ ఆడతారు. తెల్లవారుజామున మైదానం, పగలు బడి, సాయంత్రం మళ్లీ మైదానం. స్పెయిన్ ఫుట్‌బాల్ లీగ్ లాలిగా చేయూత ఉంది కాబట్టి పత్రికలు బంతి గురించే ఎక్కువ రాస్తాయి. నాకు గొప్పగా తోచింది మాత్రం ఆ పగటి బడి. పోలీసు జట్టు రోజుల్లో కుర్రాడు బడి వదిలి మైదానానికి వచ్చేవాడు. ఇక్కడ మైదానం కోసం వచ్చిన పిల్ల బడిలో కూడా కూర్చోవాలి. వీళ్లందరూ పెద్ద ఆటగాళ్లు కారు, కానక్కర్లేదు. ఇంటర్ పాసై, డిగ్రీ చేసి, ఒకరు నర్సు, ఇంకొకరు బడిలో పి.ఇ.టి. అయినా ఆ బడి తన పని చేసినట్టే.

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. జిల్లా అయ్యాక జిల్లా జట్టు కూడా వేరుగా కట్టాలి. ఇదివరకు కర్నూలు జట్టులో చోటు కోసం ఆదోని, ఎమ్మిగనూరు కుర్రాళ్లతో పోటీపడిన ఆళ్లగడ్డ, బనగానపల్లె, డోన్ పిల్లలకు ఇప్పుడు సొంత జట్టు. డిగ్రీ ఆటగాడికి జెర్సీ మాత్రం ఇంకా కర్నూలు విశ్వవిద్యాలయానిదే. ప్రభుత్వోద్యోగాల్లో క్రీడాకారుల కోటా రాష్ట్రంలో 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. 2025 మెగా డి.ఎస్.సి.లో ప్రకటించిన 16,347 టీచరు కొలువుల్లో 421 క్రీడాకారులకు ఉంచారు. ఆ 421లో చేరాలంటే సర్టిఫికెట్లతోపాటు టీచరుకు కావలసిన చదువు కూడా చేతిలో ఉండాలి.

(వచ్చే భాగం: గుంతకల్లు రైల్వే జట్లు)